గేటు బయటి రాత్రి

విశాఖ రాత్రిని మొదట మేల్కొలిపింది రేవు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలని తలపెట్టిన ఈ రేవులోకి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ ఓడ వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. ఓడ ఆగిన ప్రతి గంటా ఖర్చే కాబట్టి సరుకు ఎత్తే దించే పని పొద్దుగూకిందని ఆగదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన రోజుల్లోనూ, 1971 పాకిస్తాన్ యుద్ధంలోనూ ఊరు దీపాలార్పుకుంది. మిగతా కాలమంతా డాల్ఫిన్ నోస్ కొండ నీడలో రాత్రి పని సాగుతూనే ఉంది.

ఆ తరవాత ఉక్కు కర్మాగారం వచ్చింది. 1971 జనవరిలో శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం. ‘గోదావరి’, ‘కృష్ణ’ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులను రాత్రికి ఆర్పి పొద్దున్నే వెలిగించడం కుదరదు. అందుకే కర్మాగారం రాత్రిని కూడా ముందే ఆలోచించి కట్టారు. వెలుతురు ఎక్కడ, క్యాంటీన్ ఎక్కడ, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, రాత్రి (సి) షిఫ్టువాళ్ళు ఎలా వస్తారు అన్నవి అక్కడ ప్రణాళికలో భాగం. గేటు దాటాక ఆ ఆలోచన ఆగిపోయింది. షిఫ్టు దిగినవాడికీ, జగదాంబ థియేటర్లో సెకండ్ షో చూసి వచ్చినవాడికీ దిక్కు ఒక టిఫిన్ బండి, ఒక షేర్ ఆటో. పోలీసు విజిల్ వినిపిస్తే ఆ బండీ ఉండదు.

ఆడవాళ్ళ విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా కర్మాగారాల్లో స్త్రీల పనిని నిషేధించింది. చీకట్లోనే గంపలతో చేపల రేవు చేరే మత్స్యకార స్త్రీలను మాత్రం ఏ చట్టమూ ఆపలేదు, ఏ చట్టమూ కాపాడనూ లేదు. త్రివేణి కేసులో 2002లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం చట్టాలు సవరించి, స్త్రీల సమ్మతి, రవాణా, భద్రత, వెలుతురు షరతులుగా రాత్రి పనికి అనుమతించింది. మంచి మార్పే. కానీ ఆ షరతులు యజమాని ఉన్నవాళ్ళకే. ఇడ్లీ బండి పెట్టుకున్న అక్కకు యజమాని ఎవరు? ఆమెకు ఆ పూచీ పడవలసింది నగరమే.

నగరం ఏమీ చెయ్యలేదనను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను స్తంభాలను కూల్చేశాక వీధుల్లో ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. అయితే దీపం ఒక్కటే భద్రత కాదు. 2020 మే 7న తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. సైరన్ మోగించే ఏర్పాటు ఉండి కూడా మోగలేదని ప్రభుత్వ కమిటీయే చెప్పింది. పక్కనే నిద్రపోతున్న వెంకటాపురానికి హెచ్చరిక అందలేదు. రేవు, రిఫైనరీ, రసాయనాలు ఇళ్ళ పక్కనే ఉన్న ఊళ్ళో రాత్రి భద్రత అంటే ముందుగా హెచ్చరిక అందడమే.

పాత జైలు రోడ్డులోని నైట్ ఫుడ్ కోర్టు గేటు బయటి రాత్రికి దొరికిన ఒక చోటు. కుటుంబాలు, విద్యార్థులు, డ్యూటీ దిగినవాళ్ళు అక్కడ కలిసి తినేవారు. జనం మెలకువగా ఉండడమే వీధికి కాపలా. 2025 సెప్టెంబరులో మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఆ ఫుడ్ కోర్టును తొలగించింది. ట్రాఫిక్, చెత్త నిజమైన సమస్యలే. వాటికి కూల్చివేత పరిష్కారమని నేను ఒప్పుకోను. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రం ఇచ్చేదాకా వీధి వ్యాపారిని తొలగించకూడదని 2014 వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. ఇండోర్‌లో పగలు నగలమ్మే సరాఫా బజారు రాత్రి తిండి వీధి అవుతుంది. లండన్ 2016 నుంచి శుక్ర, శనివారాల్లో రాత్రంతా కొన్ని మార్గాల్లో మెట్రో నడుపుతోంది. రెండుచోట్లా రాత్రికి వేళనూ చోటునూ కేటాయించారు.

మన మాస్టర్ ప్లాన్లు ఏ నేల దేనికో చెబుతాయి, ఏ వేళకో చెప్పవు. జీవీఎంసీ, విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) ఇకనైనా వేళను కూడా ప్లానులో చేర్చాలి. జగదాంబ నుంచి గాజువాకకు సెకండ్ షో తరవాత బస్సు, ఆడవాళ్ళు వాడగల మరుగుదొడ్లు, కాలనీలకు వినిపించే సైరన్లు ఏర్పాటు చెయ్యండి. టౌన్ వెండింగ్ కమిటీలో రాత్రి బండ్లవాళ్ళకూ చోటివ్వండి.