నూలుపోగు నుండి గాజుపోగు వరకు
జోడ్‌భావి పేట్ నేతవిద్యకు ఆధునిక విజ్ఞానంతో గల బాంధవ్యం

మార్కండేయ మహర్షి కుమారుడైన భావనారుషి తామరతూడు నుండి పోగు తీసి దేవతలకు తొలి వస్త్రాన్ని నేసినాడని పద్మశాలీల కులపురాణం చెబుతున్నది. పురాణాన్ని చరిత్రగా స్వీకరించనవసరం లేదు. కాని అందులో నేతగాని లోకజ్ఞానం ఒకటి ఇమిడి ఉన్నది. పోగు ఎక్కడో సిద్ధంగా దొరికే వస్తువు కాదు. పదార్థంలో దాగి ఉన్నదానిని ఓర్పుతో బయటికి తీసేవానికే అది దక్కుతుంది. తామరతూడుతో మొదలైన ఆ అన్వేషణ పత్తి, పట్టు, ఉన్నిల మీదుగా సాగి, గాజును కూడా పోగుగా మార్చింది. ఆ గాజుపోగు నేడు భూమి కంపనాన్ని వినగలుగుతున్నది. ఒంటి వేడిని బట్టి తన గుణాన్ని మార్చుకొనే వస్త్రం కూడా ప్రయోగశాలలలో రూపొందింది. ఈ రెండు ఆవిష్కరణల కథ నేతవారి పేటలో పెరిగే విద్యార్థులకు పరాయి కథ కాదు.

పేట, మగ్గం, సాంచా

షోలాపూరుకు 1860లో రైలుమార్గం వచ్చింది. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వెలసింది. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుండి చేనేత కుటుంబాలు పంతొమ్మిదవ శతాబ్దంలో బతుకుతెరువు వెదుక్కుంటూ ఈ నగరానికి తరలివచ్చాయి. మరాఠీ, కన్నడం, తెలుగు కలిసి వినిపించే ఈ ఊరిలో నగరపు తూర్పు పేటలు నేతవారి నివాసాలయ్యాయి. జోడ్‌భావి పేట్ అన్న పేరు తెలుగు చెవికి 'జోడుబావి' అనే వినిపిస్తుంది. నారళీ పున్నమినాడు సాగే మార్కండేయ రథోత్సవం నేటికీ ఆ వలసను గుర్తుకు తెస్తూనే ఉన్నది.

వలస వచ్చినవారు తమతో తెచ్చుకొన్న ఆస్తి చేతిలోని విద్య ఒక్కటే. పడుగు సాగదీయడం, కండె చుట్టడం, తెగిన పోగును ముడి కనిపించకుండా అతకడం వారికి పుట్టుకతో అబ్బిన పాఠాలు. పడుగుపై చేయి ఉంచిన నేతగాడు ఎక్కడ బిగువు తగ్గినదో, ఎక్కడ పోగు తెగనున్నదో కన్నుతో చూడకుండానే గ్రహిస్తాడు.

షోలాపూరు దుప్పటికి వన్నె తెచ్చిన జకార్డు యంత్రం ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో పుట్టింది. జోసెఫ్ మరీ జకార్డు దానిని 1804లో రూపొందించాడు. అట్టముక్కలపై పొడిచిన రంధ్రాలే ఏ పోగు లేవాలో, ఏ పోగు దిగాలో నిర్ణయిస్తాయి. ఆ అట్టలను చూసే చార్లెస్ బాబేజి తన గణనయంత్రానికి ఆదేశాలిచ్చే పద్ధతిని ఊహించాడు. కంప్యూటరు వంశవృక్షంలో మగ్గానికి ఈ విధంగా పెద్దల స్థానం దక్కింది.

అయితే ప్రతి ఆవిష్కరణా నేతగానికి మేలే చేసిందనడం సత్యం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి దశాబ్దాలలో షోలాపూరులో చేతిమగ్గం క్రమంగా వెనుకపడి, సాంచా ముందుకు వచ్చింది. ఉత్పత్తి పెరిగింది, దుప్పటి పేరు దేశమంతా వ్యాపించింది, భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని యంత్రానికి యజమాని అయినవాని బతుకు ఒక తీరున, దాని ముందు కూలికి నిలబడినవాని బతుకు మరొక తీరున సాగాయి. కొత్త విద్య వచ్చినప్పుడు దానిని నేర్చినవాడే నిలబడతాడన్న పాఠాన్ని ఈ పేట తన అనుభవంతో నేర్చుకొన్నది.

1993 సెప్టెంబరు 30

గణేశ నిమజ్జనం ముగిసి జనం అలసి నిద్రించిన రాత్రి అది. తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూమి కంపించింది. తీవ్రత 6.2. లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలే నిద్రిస్తున్నవారికి సమాధులయ్యాయి. కిల్లారికి షోలాపూరు దాదాపు 90 కిలోమీటర్ల దూరం. ఆ ప్రకంపన ఈ నగరాన్నీ తాకింది.

దక్కను పీఠభూమి కదలని రాతినేల అన్న నమ్మకం ఆ రాత్రితో చెదిరింది. అంతకుముందు 1967 డిసెంబరు 11న కోయనలో భూకంపం వచ్చినా, దానిని జలాశయంతో ముడిపెట్టి చూశారు. కిల్లారి అప్పటివరకు దేశ భూకంప పటంలో అతి తక్కువ ప్రమాదం గల ఒకటవ మండలంలో ఉండేది. 2002లో ఆ మండలాన్నే పటం నుండి తొలగించారు. తెలుగు నేలపై హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కిల్లారి, కోయన ప్రాంతాలను దీర్ఘకాలం అధ్యయనం చేసింది. కోయన వద్ద భూగర్భంలోకి 3 కిలోమీటర్ల లోతు వరకు బావి తవ్వి పరిశీలించే కార్యక్రమంలో ఆ సంస్థ శాస్త్రవేత్త హర్ష్ గుప్తా కృషి ప్రముఖమైనది.

భూమిని వినే పోగు

భూకంపలేఖిని ఎంత సూక్ష్మమైనదైనా, తాను ఉన్నచోటి కదలికనే నమోదు చేస్తుంది. వందల కిలోమీటర్ల నేలను అడుగడుగునా వినాలంటే వేలకొలది యంత్రాలు కావాలి. ఈ చిక్కుకు పరిష్కారం గాజుపోగులో లభించింది.

వంగిన మార్గంలో కాంతిని నడిపించవచ్చునని పంతొమ్మిదవ శతాబ్దంలోనే కొలడాన్, టిండాల్ నీటిధారలతో చూపించారు. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ 1954లో హాప్కిన్సుతో కలిసి గాజుపోగుల కట్ట ద్వారా బొమ్మను పంపిన ప్రయోగాన్ని ప్రకటించాడు. గాజును తగినంత శుద్ధి చేస్తే సుదూర వార్తాప్రసారం సాధ్యమని 1966లో చార్లెస్ కావ్ వాదించాడు. 1970లో కార్నింగ్ సంస్థ అటువంటి పోగును తీసి చూపింది. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ పోగు మందం పైపూత కాక ఒక మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. అందులో కాంతి ప్రయాణించే నడిమి భాగం మరెంతో సన్నం. గాజు ఎంత శుద్ధమైనా దానిలో అతి సూక్ష్మమైన అసమానతలు మిగిలే ఉంటాయి. లేజరు కాంతిని తునకలుగా పంపినప్పుడు ప్రతిచోటా రవ్వంత కాంతి వెనుకకు చెదరుతుంది. ఆకాశపు నీలిమకు కారణం చెప్పిన రేలీ పేరుతోనే ఈ చెదరడాన్ని పిలుస్తారు. భూమి కంపించి పోగు అణుమాత్రం సాగినా, తిరిగివచ్చే ఆ కాంతి తీరు మారుతుంది. మార్పు ఎంత ఆలస్యంగా చేరినదో లెక్కిస్తే అది ఎక్కడ జరిగినదో తెలుస్తుంది. ఒక చివర ఒక్క యంత్రాన్ని అమర్చితే చాలు, పదుల కిలోమీటర్ల తీగలో ప్రతి కొద్ది మీటర్ల దూరమూ ఒక భూకంపలేఖినిగా పనిచేస్తుంది. పడుగుపై చేయి ఉంచి బిగువును గుర్తించే నేతగాని స్పర్శకు ఇది కాంతి నేర్చిన రూపం.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2016 నుండి నేలక్రింది తీగలతో ఇటువంటి పరిశీలన జరిగింది. ఐస్‌లాండులో 15 కిలోమీటర్ల తీగతో భూగర్భ భ్రంశాలను గుర్తించిన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కాలిఫోర్నియాలోని మాంటెరే సముద్రశాఖలో 20 కిలోమీటర్ల తీగ చేసిన పరిశీలన 2019లో ప్రచురితమైంది.

కిల్లారి వంటి భూకంపంలో విధ్వంసం కలిగించే అలలు సెకనుకు సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగంతో నడుస్తాయి. షోలాపూరు చేరడానికి వాటికి దాదాపు 25 సెకన్లు పడుతుంది. గాజుపోగులో కాంతి అదే దూరాన్ని సెకనులో రెండువేలవ వంతు లోపే దాటుతుంది. పుట్టినచోటనే ఉన్నవారికి ఈ తేడా పెద్దగా ఉపకరించదు. దూరాన ఉన్నవారికి మాత్రం సాంచా ఆపి, పిల్లలను ఎత్తుకొని వాకిట్లోకి రావడానికి ఆ కొద్ది క్షణాలు అక్కరకు రావచ్చు. వాహనాల చప్పుడును భూకంపం నుండి వేరుపరచడం, గుట్టలుగా పోగుపడే సమాచారాన్ని వెనువెంటనే పరిశీలించడం ఈ పద్ధతికి ఎదురైన కష్టాలు. పైగా ఏ హెచ్చరికా బలహీనమైన గోడకు బదులు కాజాలదు.

వేడిని ఎరిగిన వస్త్రం

షోలాపూరు ఎండ ఎంత తీవ్రమైనదో రేకుల కప్పు క్రింద సాంచా నడిపేవారికి చెప్పనక్కరలేదు. చెమటను పీల్చుకొని గాలికి ఆరబెట్టే నూలు వేసవిలో చలువ చేస్తుంది. మందపాటి దుప్పటి తన పోగుల నడుమ గాలిని నిలిపి చలికాలంలో వెచ్చదనాన్ని కాపాడుతుంది. కాని ఒకే వస్త్రం రెండు పనులూ చేయగలదా అన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది.

మొదటి సమాధానం అంతరిక్ష పరిశోధన నుండి వచ్చింది. వ్యోమగాముల చేతితొడుగుల కోసం 1980ల దశకంలో నాసా ప్రోత్సాహంతో జరిగిన పరిశోధనలో, కరిగి గడ్డకట్టే మైనపు పదార్థాలను కంటికి కనబడని గుళికలలో నింపి పోగులలో చేర్చారు. చలికాలంలో పేరుకొన్న కొబ్బరినూనె వేడి తగలగానే కరగడం అందరూ చూసినదే. కరిగేటప్పుడు అది వేడిని తనలోకి తీసుకొంటుంది, పేరుకొనేటప్పుడు ఆ వేడినే తిరిగి ఇస్తుంది. 28 డిగ్రీల వద్ద కరిగే ఆక్టాడెకేన్ అనే మైనం వస్త్రంలో ఇదే పని చేస్తుంది. అయితే మైనమంతా కరిగిన తరువాత దాని శక్తి ఉడుగుతుంది.

రెండవ మార్గం శరీరం వెదజల్లే పరారుణ కిరణాలకు దారి ఇవ్వడం. 2016లో స్టాన్‌ఫర్డ్‌లో యీ సూయి బృందం ఆ కిరణాలను బయటికి పోనిచ్చే సూక్ష్మరంధ్రాల పాలిథిన్ వస్త్రాన్ని రూపొందించింది. 2019లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో యూహ్వాంగ్ వాంగ్, మిన్ ఒయాంగ్ మరొక అడుగు ముందుకు వేశారు. నీటిని ఇష్టపడే పదార్థాన్నీ, దానిని దూరంగా ఉంచే పదార్థాన్నీ ఒకే పోగుగా తీసి, దానికి కర్బన నాళికల పూత పూశారు. చెమట తగిలితే ఆ నూలు ముడుచుకొని వస్త్రంలో సందులు విప్పుతుంది, పూత పూసిన పోగులు దగ్గరై వేడికి దారి ఇస్తుంది. ఆరితే మళ్ళీ మూసుకొంటుంది. కిరణాల ప్రసారంలో 35 శాతానికి పైగా మార్పు కనిపించిందని వారు ప్రకటించారు. పోగు స్వభావం తెలిసి నూలు వడకడమే దీని మూలరహస్యం. అది నేతవారికి కొత్త మాట కాదు.

వారసులకు

గాజు, మైనం, కర్బనం ఏది వచ్చినా చివరకు పోగుగా మారి, పడుగు పేకలుగా కూర్చబడిన తరువాతనే వస్త్రమైంది. తాతలు మగ్గం తెలిసి సాంచా ముందు కూలీలైనారు. మనుమలు సాంచా మాత్రమే తెలిసి రేపటి యంత్రం ముందు నిరుద్యోగులు కాకూడదు. అందుకు భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం అవసరం. వాటిని మాతృభాషలో ఆకళింపు చేసుకొన్న బాలునికి ఇంట్లో విన్న పడుగు, పేక, కండె అన్న మాటలే తొలి ప్రయోగశాల అవుతాయి. డెబ్బదియైదు వసంతాలు నిండిన తెలుగు పాఠశాల ఈ నేతవాడలో చేసిన సేవకు సార్థకత అక్కడే ఉన్నది. భావనారుషి తామరతూడులో చూసిన పోగును గాజులో, కర్బనంలో చూడగలిగే బిడ్డలు ఈ పేట వాకిళ్ళ నుండే ఎదిగిరావాలి.