ఇంగ్లీషు మాటలో ఊనిక ఎక్కడ?

ఇంగ్లీషు స్పెల్లింగులు మనమంతా కంఠస్థం చేసినవాళ్లమే. కానీ ఏ అక్షరాన్ని ఊది పలకాలో స్పెల్లింగు చెప్పదు. ఈ చిక్కు వెనుక వెయ్యేళ్ల చరిత్ర ఉంది.

పాత ఇంగ్లీషు జర్మానిక్ కుటుంబపు భాష. అందులో ఊనిక సాధారణంగా మాట మొదట్లోనే. 'ఫాదర్', 'వాటర్' నేటికీ అంతే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వెల్లువెత్తాయి. వాటి ఊనిక చివర్లో ఉండేది. కొన్ని పాత పద్ధతికి లొంగాయి, కొన్ని లొంగలేదు. ఆపై లాటిన్, గ్రీకు మాటలూ చేరాయి. అందుకే 'ఫోటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీది ఊనిక 'ఫొటోగ్రఫీ'లో రెండోదానికి, 'ఫోటోగ్రాఫిక్'లో మూడోదానికి జరుగుతుంది. 'రికార్డు' నామవాచకమైతే ఊనిక ముందు, క్రియ అయితే వెనక.

శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువులో ఊనిక గుర్తులు పెట్టాడు. 1791లో జాన్ వాకర్ ఉచ్చారణకే నిఘంటువు వేశాడు. అయినా భాష ఆగలేదు. ఒకప్పుడు 'బాల్కనీ'లో రెండో అక్షరాన్ని ఊదేవారు. అది మొదటికి జరిగితే కవి శామ్యూల్ రోజర్స్ చిరాకుపడ్డాడు. నేడు అదే సరైన పలుకు!

తెలుగులో ఊనిక మారినా మాట అర్థం మారదు. కనుక మన పిల్లలు అక్షరాలన్నీ సమంగా పలకడం తెలివితక్కువతనం కాదు, మాతృభాష అలవాటు. ఇంటర్వ్యూలో ఎవరో నవ్వితే ఆ పిల్లవాడి నోరు మూతపడుతుంది, చదువంతా లోపలే ఉండిపోతుంది. గురువులకు ఒక్కటే మనవి: బోర్డు మీద కొత్త మాట రాసినప్పుడు ఊనిక ఉన్నచోట చిన్న గీత పెట్టండి. అది చాలు.