ఉక్కుపై రంగులు, వెలుగు బాటలు

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియుచోట సాక్చీ అను పల్లె యుండెను. అచ్చట 1912లో మొదటి ఉక్కు వెలువడెను. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టిరి. అట్టి మహాకర్మాగారమున నేమి, మన పల్లెటూరి కొలిమిలో నేమి, ఉలికి పదును పెట్టు పనివానికి చిరకాలము కన్నే ఉష్ణమాపకము. ఎఱ్ఱగా కాల్చి నీట ముంచిన ఉక్కు గాజువలె పెళుసు. దానిని రుద్ది మెఱయించి, మరల మెల్లగా కాచినచో పైన రంగులు పరుగెత్తును: మొదట ఎండుగడ్డి పసుపు, పిమ్మట గోధుమవన్నె, ఊదా, కట్టకడపట నీలము. పసుపు సుమారు 220 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, నీలము 300 వద్ద పొడసూపును. క్షురకత్తికి పసుపు చాలును. స్ప్రింగునకు నీలము కావలెను. కోరిన రంగు దాటినదా, పదును మెత్తబడినట్లే.

ఆ రంగు ఎక్కడిది? ఉక్కు మీద గాలి సోకి ఏర్పడు పొర మందము కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. పొర పైముఖమునుండి మరలిన వెలుగు, అడుగునుండి మరలిన వెలుగుతో కలిసి కొన్ని వర్ణములను అణచివేయును. మిగిలినదే మనకు కన్పట్టును.

ఇది అంత సులభముగా ఒప్పుదల కాలేదు. పొరను అరగదీసినచో రంగులు వెనుకటి వరుసలో మరలవలెను గదా! అట్లు మరలక వెలిసిపోవుచున్నవని 1918లో మాలక్ అను ఆంగ్లేయుడు గమనించి, పలుచని పొర వాదమును శంకించెను. కలకత్తాలోనున్న చంద్రశేఖర వేంకట రామన్ 1922లో 'నేచర్' పత్రికలో ఈ రంగులనే చర్చించెను. 1925లో కేంబ్రిడ్జి పండితుడు ఇవాన్స్ పొర వాదమును గట్టిగా సమర్థించెను. కమ్మరి తరతరములుగా నమ్ముకొన్న గుర్తునకు కారణము చెప్పుటకు శాస్త్రజ్ఞులు ఇంత తర్జనభర్జన పడవలసి వచ్చినది!

1950 నవంబరు 26న జవాహర్‌లాల్ నెహ్రూ జంషెడ్‌పూరులో జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలను ప్రారంభించెను. లోహముల లోగుట్టును యంత్రములతో పరిశీలించుటకు ఆ నగరమున చోటు ఏర్పడెను. అంతమాత్రమున పనివాని కన్నును తక్కువ చేయరాదు.

రామన్ మాత్రము ఇట్టి రంగులను విడువలేదు. బెంగుళూరులో ముత్యపుచిప్పలను, ఒపల్ రాళ్లను పరీక్షించెను. ఒపల్‌లో సన్నని సిలికా గోళములు దొంతరలుగా పేర్చబడి యున్నవని 1964లో ఆస్ట్రేలియాలో సాండర్స్ ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూపెను. ఈలోగా, 1954లో, పంజాబువాడైన నరీందర్ సింగ్ కపానీ, హాప్కిన్స్‌తో కలిసి గాజుపోగుల కట్టగుండా బొమ్మను పంపెను. అయితే గాజుపోగు మరీ వంగినచో వెలుగు బయటికి జారిపోవును.

ఆ చిక్కునకు మార్గము 1987లో దొరకెను. క్రమము తప్పని సూక్ష్మనిర్మాణములో కొన్ని వర్ణముల వెలుగునకు ప్రవేశమే లేకుండ చేయవచ్చునని అమెరికాలో యాబ్లోనోవిచ్, కేరళలో పుట్టిన సజీవ్ జాన్ వేర్వేరుగా ప్రతిపాదించిరి. అట్టి రంధ్రముల పలకలో ఒక్క వరుసను పూడ్చి విడిచినచో, చుట్టును దారి లేని వెలుగు ఆ వరుసనే పట్టి, మూల వచ్చినచోట మూల తిరిగి పోవును.