పాత సిమెంట్ రోడ్డే కొత్త రోడ్డుకు క్వారీ

మన దేశంలో సిమెంట్ కాంక్రీట్ రహదారులను 30 ఏళ్ల మన్నిక లెక్కన డిజైన్ చేస్తారు. 1990లలో ఢిల్లీ–మథుర మార్గంలో వేసిన రోడ్డు ఆ వయసుకు చేరుకుంది. 2002లో పూర్తయిన ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే వంతు మరికొన్నేళ్లలో వస్తుంది. గడువు తీరిన ఆ పలకలను ఏం చేయాలి? 7 మీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల మందం ఉన్న రోడ్డులో ఒక్క కిలోమీటరుకే దాదాపు 5 వేల టన్నుల కాంక్రీట్ ఉంటుంది. దాన్ని తరలించాలంటే 20 టన్నుల టిప్పర్లు 250 ట్రిప్పులు తిరగాలి. కొత్త రోడ్డుకు కావలసిన కంకర కోసం మళ్లీ ఎక్కడో ఓ కొండను తొలచాలి.

తీయకుండా పైనే మరో పొర వేయొచ్చు కదా అనిపిస్తుంది. కొన్నిచోట్ల వేస్తారు కూడా. కానీ పొర మీద పొర వేస్తూ పోతే ఏమవుతుందో మన ఊళ్ల సీసీ రోడ్లే చెబుతాయి: వీధి ఎత్తు పెరిగి, వాననీరు గడప దాటి ఇళ్లలోకి వస్తుంది. హైవే మీదైతే ఫ్లైఓవర్ల కింద లారీలకు ఎత్తు చాలదు.

పాత కాంక్రీట్ బరువులో సుమారు ముప్పావు వంతు కంకర, ఇసుకే. పలకను యంత్రాలతో పగలగొట్టి, పెళ్లగించి, అతుకుల దగ్గరి ఉక్కు కడ్డీలను తీసేసి క్రషర్‌లో వేస్తారు. మిగిలిన ఇనుమును అయస్కాంతం లాగేస్తుంది. క్రషర్ రోడ్డు పక్కనే ఉంటే లాభం. దూరంలోని యార్డుకు మోసుకెళ్లి తిరిగి తెస్తే మిగులంతా డీజిల్‌కే పోతుంది.

అయితే ఇలా వచ్చిన కంకర క్వారీ కంకరతో సమానం కాదు. ప్రతి రాయికీ పాత సిమెంట్, ఇసుక ముద్ద అంటుకుని ఉంటుంది. అది నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే ముందే తడిపి ఉంచకపోతే కాంక్రీట్ పరచేలోపే బిగుసుకుపోతుంది. సన్నపొడితో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

అమెరికాకు ఈ పాఠం అనుభవం మీద తెలిసింది. అయోవా రాష్ట్రం 1976లోనే యూఎస్ 75 రహదారిపై ఈ పద్ధతి మొదలుపెట్టింది. 1980లో మిన్నెసోటా, మంచుకు చిట్లిన రాయితో కట్టిన యూఎస్ 59ను పగలగొట్టి, ఆ రాయిని చిన్న సైజుకు నలిపి మళ్లీ వాడింది. ఆ రోడ్డు బాగానే నిలిచింది. మిచిగాన్‌లో మాత్రం ఐ–94పై పలకలు త్వరగా అడ్డంగా పగిలాయి. పెద్ద రాళ్లు ఉంటే పగులుకు రెండు వైపులా ఒకదాన్నొకటి పట్టుకుని లారీ బరువును అవతలికి అందిస్తాయి. అక్కడ పొడవాటి పలకల్లో చిన్న కంకర పడటంతో ఆ పట్టు చాలలేదు. తప్పు పాత రాయిది మాత్రమే కాదు, డిజైన్‌ది కూడా.

ఆస్ట్రియా మెరుగైన దారి చూపింది. వియన్నా–సాల్జ్‌బర్గ్ ఏ1 రహదారిని తిరిగి కట్టినప్పుడు కాంక్రీట్‌ను రెండు పొరలుగా వేసింది. కింద మందపు పొరలో పాత రోడ్డు కంకర, టైర్లు ఒరిసే పలుచని పై పొరలో గట్టి కొత్త రాయి. నాకు మన దేశానికి సరిపోయేది ఇదే అనిపిస్తుంది.

నిబంధనలు అడ్డు కావు. ఐఎస్ 383 ప్రమాణాన్ని 2016లో సవరించి, కాంక్రీట్ నుంచి తీసిన కంకరను సాదా కాంక్రీట్‌లో 25 శాతం వరకు, ఎం25 వరకు గ్రేడ్ల ఉక్కు కాంక్రీట్‌లో 20 శాతం వరకు అనుమతించారు. ఎం15 కన్నా తక్కువ గ్రేడు లీన్ కాంక్రీట్‌లో నూటికి నూరు శాతం వాడొచ్చు. హైవే పలక కింద లీన్ కాంక్రీట్ పొర ఎలాగూ వేస్తారు. సిమెంట్ కలపకుండా కింద పరిస్తే మాత్రం డ్రైనేజీ చూసుకోవాలి. దానిలోంచి ఊరే సున్నం పైపుల్లో పేరుకుని వాటిని మూసేస్తుంది.

ఒక అతిశయోక్తిని పక్కన పెట్టాలి. దీనివల్ల మిగిలేది కొండలు, రవాణా, డంపింగ్ స్థలం. కాంక్రీట్ కర్బన ఉద్గారాల్లో సింహభాగం సిమెంట్‌ది. కొత్త పలకకు కొత్త సిమెంట్ తప్పదు.

టెండర్‌కు ముందే పాత పలక నుంచి కోర్ నమూనాలు తీసి రాయి నాణ్యత తేల్చాలి. క్రషర్‌కు రోడ్డు పక్కన స్థలం చూపాలి, పాత కంకర ఏ పొరలో ఎంత వాడాలో ఒప్పందంలో రాయాలి. అలా రాయకపోతే కాంట్రాక్టరుకు దగ్గరి గుంటలో పారబోయడమే చవక.