చామంతుల బుట్ట

అమలాపురంలో తొలి బస్సెక్కేసరికి మంచు ఇంకా విడలేదు. కొబ్బరి మట్టల మీంచి నీళ్లు చినుకుల్లా రాలుతున్నాయి. కిటికీ అద్దం తుడిస్తే కాలవ, మళ్లీ తుడిస్తే అరటి తోట. కొత్తపేట దాటి రావులపాలెం చేరేసరికి సంతలో గెలలు దిగుతున్నాయి. ఆపైన గౌతమి మీద వంతెన. మంచెక్కడ ఆగిందో, నీళ్లెక్కడ మొదలయ్యాయో పోల్చుకోలేను.

కడియపులంకలో ఓ పెద్దావిడ చామంతుల బుట్టతో ఎక్కింది. "కాస్త కాళ్లు ముడుచుకో బాబూ" అంటూ బుట్ట నా ముందు దించి, కూచున్నదే తడవుగా దండ మొదలెట్టింది. వేళ్ల మధ్య రెండు పూలు, మీంచి దారం ఓ చుట్టు, ముడి, మళ్లీ రెండు పూలు. కుదుపులకి నా తల కిటికీకి కొట్టుకుంటోందిగానీ ఆవిడకి ఒక్క ముడీ తప్పడం లేదు.

"రాజమండ్రిలో ఏం పని బాబూ?"

"బొమ్మలు చూద్దామనండీ."

"సినిమా బొమ్మలా?"

"కాదండీ, చేత్తో వేసినవి."

"ఆయ్" అని ఊరుకుంది. నమ్మినట్టు లేదు. దిగేటప్పుడు మాత్రం ఓ చామంతి నా చేతిలో పెట్టింది.

గోదావరి గట్టుకి దగ్గర్లోనే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. లోపలికెళ్లగానే ఆటోల మోత వెనకబడిపోయింది. చెప్పుల చప్పుడు నాదే నాకు వినబడుతోంది. మొదటి అద్దంలో బొమ్మ కంటే ముందు నా ముఖమే కనబడింది. ఓ అడుగు పక్కకి జరిగాను. నా ముఖం పోయి 'పుష్పాలంకార' మిగిలింది. జేబులో చామంతి, ఎదురుగా పూల సింగారం. గీత దగ్గర కళ్లు ఆగిపోయాయి. ఎక్కడా తొట్రుపాటు లేదు. భుజం దగ్గర మొదలై మోచేతి మీదుగా ఏటి వంపులా జారిపోతుంది.

నీటిరంగుతో ఓ చిక్కుంది. పడింది పడ్డట్టే, దిద్దుబాటుకి చోటివ్వదు. పల్చటి రంగుతో వేసేవాళ్లకి తెలుపంటే రంగు కాదు, వదిలేసిన కాగితమే. ఎక్కడ వదలాలో ముందే తెలిసుండాలి. ఆ కాలంలో కలకత్తా పద్ధతి చిత్రకారులు రంగు మీద రంగు కడిగి అంతా పొగమంచులో ముంచేవారు. నాకు ఆ మంచు నచ్చుతుంది, పొద్దున్నే గౌతమి మీద చూసొచ్చాను కూడా. రామారావు మనుషులు మాత్రం మంచులోంచి బయటికొచ్చి నిలబడ్డవాళ్లు. ఒంటికి బరువుంటుంది, మడమ నేలకి ఆనుతుంది. మనిషిని ఎదుట నిలబెట్టి గీయడం ఆయన బొంబాయిలో నేర్చాడు.

పుట్టింది ఈ ఊళ్లోనే, 1897లో. గోదావరి మీద పాత రైలు వంతెన పని మొదలైందీ ఆ ఏడే. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర అడివి బాపిరాజుని చేరదీసినట్టే ఈ కుర్రాణ్ణీ చేరదీశాడు. ఆయన పూనికతోనే 1916లో బొంబాయి జె.జె. స్కూల్లో చేరాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయ్ బహుమతి. ఆ మరుసటేడు సొంత ఊళ్లో చిత్రకళా పాఠశాల. 1925 ఫిబ్రవరిలో అమ్మవారు పోసింది. ఇరవై ఎనిమిది నిండకుండానే పోయాడు. ఆ వంతెన మీద రైళ్లు 1997 దాకా నడిచాయి.

'నంది పూజ' దగ్గర చాలాసేపు నిలబడ్డాను. 'సిద్ధార్థ రాగోదయం' దగ్గర ఇంకాసేపు. గంట దాటింది. మధ్యాహ్నం బస్సు గుర్తొచ్చి మిగతా గోడలు చకచకా చుట్టేశాను. భార్య సత్యవాణి పేరు చూశాను, సోదరి బుచ్చికృష్ణమ్మ పేరు చూశాను. పేర్లు చదివాను, అంతే. గుమ్మం దాకా వచ్చాక సిగ్గేసింది.

చేర్యాల నకాషీల ఇళ్లలో తండ్రి చేతి పని కొడుక్కి వస్తుంది, మనవడికి వస్తుంది. వంశమంటే మన లెక్కకి అదే. రామారావు సంగతి అలా కాదు. ఒక్క ఇంట్లో మూడు కుంచెలు ఏకకాలంలో ఆడాయి: ఆయనదీ, భార్యదీ, సోదరిదీ. ఆయన పోయాక పాఠశాల భారం మోసింది వరదా వెంకటరత్నం, అటు స్నేహితుడు, ఇటు శిష్యుడు. కడుపున పుట్టినవాడు కాదు. ఆ రోజుల్లో ఆడపిల్ల ముగ్గు వేస్తే మురిసిపోయేవారుగానీ, దానికింద పేరు రాసుకోమన్నవాళ్లెందరు? ఆ ఇంటి ఆడవాళ్లు కాగితం మీద వేశారు, వాళ్ల పేరుతోనే గోడకెక్కారు. నేను మాత్రం 'ఫలానా వారి భార్య, ఫలానా వారి సోదరి' అని గొణుక్కుంటూ దాటేశాను. బొమ్మ చూసే కంటికి ఈ చుట్టరికాలెందుకు?

వెనక్కెళ్లాను.

బుచ్చికృష్ణమ్మ బొమ్మ ముందు నిలబడితే అద్దంలో మళ్లీ నా ముఖమే. ఎడమకి జరిగితే కిటికీ వెలుతురు అడ్డం. కుడికి జరిగి, కాస్త మోకాళ్లు వంచాను. అక్కణ్ణుంచి బాగా కనబడింది. జేబులో చామంతి అప్పటికే నలిగింది, ఆ వాసన వేళ్లకంటింది.

ఈపాటికి అమలాపురం బస్సు వేమగిరి దాటుంటుంది. ఇంకోటుందిలే.