మాటల బుడగలో అక్షరం: నయాపూల్ కితాబత్, తెలుగు బొమ్మల కథల చేతిరాత

తెలుగు సాహిత్య పరిశోధనలో లేఖకుడికి ఒక చోటు ఉంది. తాళపత్ర ప్రతిలో ఒత్తు జారినా, అరసున్న లోపించినా, పంక్తి ఎగిరిపోయినా పరిష్కర్త దానిని లెక్కలోకి తీసుకుంటాడు. అచ్చు వచ్చాక ఆ శ్రద్ధ సన్నగిల్లింది. బొమ్మల కథలోని మాటలను చేతితో రాసిన వ్యక్తిని పాఠ నిర్మాతగా పరిగణించిన పరిశీలన అరుదు. ఈ లోటును అర్థం చేసుకోవడానికి, చేతిరాతనే అచ్చుగా మార్చుకున్న మరో భాషా సంప్రదాయాన్ని పక్కన పెట్టి చూడటం ఉపయోగకరం. హైదరాబాదులో అటువంటి సంప్రదాయం నయాపూల్ దాటితే చాలు, కనిపిస్తుంది.

మూసీ మీది ఈ వంతెన నుంచి పాతనగరంలోకి నడిస్తే కొద్ది దూరంలో ఛత్తా బజార్. పెళ్లి కార్డులకు, ఉర్దూ ముద్రణకు, కాతిబుల రాతకు పేరున్న వీధి ఇది. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలిలో పదం ఏటవాలుగా దిగుతుంది. పక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం రూపు మార్చుకుంటుంది. సీసపు అచ్చులకు ఇది సులభంగా లొంగలేదు. 1796లో సెనెఫెల్డర్ కనిపెట్టిన శిలాముద్రణ ఉర్దూకు అందుకే అంతగా అచ్చివచ్చింది. పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో కాతిబ్ రాస్తాడు. ఆ రాత రాతిమీదికి తిరగబడి ఎక్కి, కాగితం మీద మళ్లీ సరిగా పడుతుంది. పాఠకుడు చదివేది కాతిబ్ చేతినే.

అటువంటి చేతికి శిక్షణ తప్పనిసరి. శిష్యుడు మొదట ముఫ్రదాత్ అనే విడి అక్షరాలను, తర్వాత మురక్కబాత్ అనే కలయికలను, ఆపైన పంక్తులను సాధన చేస్తాడు. రెల్లు కలాన్ని ఏటవాలుగా చెక్కి కాగితానికి ఆనిస్తే పడే చదరపు చుక్క, నుక్తా, కొలమానం. నస్తాలీఖ్‌లో అలిఫ్ ఎత్తు సాధారణంగా మూడు నుక్తాలు. (కలంకారీలోని కలమూ ఈ కలమే.) ఉస్తాద్ దిద్దుబాటులో అభిరుచి పాలు ఎంత ఉన్నా, దాని కింద ఒక లెక్క ఉంటుంది. అక్షరం ఎందుకు కుదరలేదో శిష్యుడు చుక్కలు పెట్టి చూసుకోగలడు.

తెలుగుకు లోహపు అచ్చులు పందొమ్మిదో శతాబ్దంలోనే కుదిరాయి. ముద్రణకు కాతిబ్ అవసరం రాలేదు. నుక్తా వంటి కొలతా స్థిరపడలేదు. పలక మీద దిద్దిన చేతిరాత అక్కడే ఆగి, అందమైన రాత సైన్‌బోర్డులకు, సినిమా పేర్లకు, ముఖచిత్రాలకు, కార్టూన్లకు తరలింది. 1945లో వెలువడిన ‘బాల’ పత్రికలో పిల్లవాడిగా బొమ్మలు వేసిన బాపు, తర్వాతి దశాబ్దాల్లో తన గీతకు సాటి వచ్చే రాతను రూపొందించుకున్నాడు. ఆ తర్వాతి తరాలకు గురుకులం లేదు; బాపు అక్షరాలను చూసి దిద్దుకోవడమే చదువు.

ఇంట్లో బొమ్మల కథ తయారుచేసుకునే వారికి అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. అమెరికన్ కామిక్స్ చేతిరాత దాదాపుగా పెద్దబడి అక్షరాల్లో సాగింది; అక్షరాలన్నీ ఒకే ఎత్తు కాబట్టి సమాంతర గీతలు గీసే ఏమ్స్ గైడ్ వంటి చిన్న పరికరం సరిపోయింది. తెలుగు పంక్తికి మూడు అంతస్తులు. పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ అన్న ఒక్క మాట చాలు: టవత్తు, దాని వెంట రవత్తు కిందికి దిగి, దిగువ పంక్తిలోని గుడిని తగులుతాయి. పంక్తుల మధ్య ఎడం నిర్ణయించేది అన్నిటికన్నా లోతైన ఒత్తు. ముందు బుడగ గీసి తర్వాత మాటలను కుక్కడం కొత్తవారి అలవాటు. మాటలు రాసి వాటి చుట్టూ బుడగ గీయడం తెలుగుకు క్షేమం.

చోటు చాలనప్పుడు రాసేవారు మాటనే మారుస్తారు. ‘వెళ్ళిపోవాలనుకుంటున్నాడట’ అన్న క్రియ ఇరుకు బుడగలో పట్టదు, ‘పోతాడట’ అవుతుంది. అర్థంలో ఒక ఛాయ పోతుంది, వేగం వస్తుంది. బొమ్మల కథల సంభాషణ శైలిని చర్చించే విమర్శ ఈ ఒత్తిడిని రచయిత అభిరుచిగా పొరబడే అవకాశం ఉంది.

మరొక విషయం ఇంకా ముఖ్యం. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు. అరుపును మందంతోనో, పరిమాణంతోనో, వాలుతోనో చూపాలి. లేదా ‘అమ్మా’లోని దీర్ఘాన్ని బుడగ అంచుదాకా లాగాలి. నస్తాలీఖ్‌లో కషీదా అనే సాగతీత ఉంది. అక్కడ అది పంక్తి నిండుదనానికి, సౌష్ఠవానికి, ఇక్కడ గొంతుకు. సీసపు అచ్చు ఈ పని చేయలేక ‘అమ్మాఆఆ’ అని అక్షరాలను పేర్చింది. చేతిరాతలో దీర్ఘం పొడవు ఒక ఉచ్చారణ సూచిక, అంటే పాఠంలో భాగం.

1981లో నూరీ నస్తాలీఖ్, 1994లో ఇన్‌పేజ్ వచ్చాక కాతిబుల పని కుదించుకుపోయింది. తెలుగులో బాపు చేతిరాతే ఫాంటుగా మారింది. ఆ ఫాంటులో ప్రతి ‘క’ ఒకే ‘క’. చేతితో రాసిన రెండు ‘క’లు ఒకటి కావు. చేతిరాత బుడగలను ఫాంటుతో నింపి పునర్ముద్రించినప్పుడు సాగిన దీర్ఘం మామూలు దీర్ఘమవుతుంది, వణికిన పంక్తి నిటారవుతుంది. తాళపత్రాల విషయంలో అయితే దీన్ని పాఠభేదంగా అధస్సూచికలో నమోదు చేసేవారు.

కళాశాలల్లో, వసతిగృహాల్లో ఒకే ప్రతిగా తయారై చేతులు మారే లిఖిత పత్రికల్లో ఈ సమస్య మరింత తీవ్రం. ఆ ప్రతి పోతే రాతా పోయినట్టే. వాటిలోని బొమ్మల కథకు కథకుడు, చిత్రకారుడు, అక్షరాలు రాసినవారు ఒక్కరే కావచ్చు, ముగ్గురు కావచ్చు. గ్రంథసూచిలో మొదటి ఇద్దరికి గడులున్నాయి.