పల్లకి నుండి ట్రాము వరకు: కలకత్తా ప్రయాణికుని ఆత్మగౌరవము

పరిపాలకుల జాత్యహంకారమును గురించి వ్రాయునప్పుడు చరిత్రకారులు సాధారణముగా శాసనములను, న్యాయస్థానములను, ఉద్యోగ నియామకములను పరిశీలిస్తారు. 1883లో ఇల్బర్టు బిల్లుకు విరుద్ధముగా కలకత్తాలోని ఐరోపీయులు లేవదీసిన ఆందోళన ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. అయితే ఇల్బర్టు బిల్లు సామాన్యుని ఇంటికి పత్రికల ద్వారా మాత్రమే చేరినది. గుమాస్తాకు, విద్యార్థికి, చిల్లర వర్తకునికి పరజాతి ప్రభుత్వము ముఖాముఖిగా ఎదురైన చోటు దారి, బండి, బండిలోని ఆసనము. 1911 వరకు బ్రిటిషు ఇండియాకు రాజధానిగా ఉన్న కలకత్తా నగరములో ఈ ఎదురుపాటు నిత్యానుభవము. అవమానమునకు గురియైనవారు అప్పుడేమి చేసినారు అన్న ప్రశ్న సహజముగా పుట్టేదే. దానివెంట మరియొక ప్రశ్న కూడా వేయవలసి ఉన్నది: వారు ఎవరి పక్షమున మాటలాడినారు?

ఈ చరిత్రలో మొదటి సుప్రసిద్ధ ఘట్టము రైలుబండి రాకకు చాల ముందటిది. 1809 జనవరిలో రామమోహనరాయలు భాగల్పూరునకు వచ్చి, పడవ దిగి పల్లకిలో బసకు పోతున్నారు. ఆ కాలమున గుఱ్ఱముపైగాని పల్లకిలోగాని పోయే దేశీయుడు ఆంగ్ల అధికారి ఎదురైనచో దిగి నిలువవలెనని కొందరు అధికారులు పట్టుపట్టేవారు. దారిప్రక్క నిలిచియున్న కలెక్టరు సర్ ఫ్రెడరిక్ హామిల్టనును పల్లకి తలుపులు మూసియుండుటచే రాయలు చూడలేదు. కలెక్టరు కోపించి కేకలు వేసి దూషించినాడు. రాయలు దిగి, వందనము చేసి, జరిగినది వివరించినారు. దూషణము ఆగకపోగా తిరిగి పల్లకి ఎక్కి తమ దారిన తాము పోయినారు. అంతటితో ఊరకుండక, ఆ సంవత్సరము ఏప్రిల్‌లో కలకత్తాలోని గవర్నర్ జనరల్ లార్డు మింటోకు ఇంగ్లీషులో ఫిర్యాదు వ్రాసి పంపినారు. రాయల ఇంగ్లీషు రచనలలో మనకు లభించిన వాటిలో ఇదియే మొదటిదని పండితుల అభిప్రాయము. దేశీయులతో ఇకముందు ఇట్టి వాగ్వాదములకు దిగరాదని ప్రభుత్వము కలెక్టరును హెచ్చరించినది.

ఈ ఫిర్యాదు విలువ గొప్పది. అవమానమును విధివ్రాతగా తలదాల్చక, దానిని న్యాయవిషయముగా పాలకుని ముందు పెట్టుట అప్పటికి క్రొత్త. అయినను అందలి వాదమును జాగ్రత్తగా చదువవలెను. మర్యాదస్థులైన దేశీయులు ఇట్టి పరాభవమునకు లోనైనచో వారు ఇల్లు వెడలలేరన్నది దాని సారాంశము. గౌరవము కుటుంబమునకు, హోదాకు చెందినదిగా అచ్చట భావింపబడినది. పల్లకిలో కూర్చున్నవాని గౌరవము విన్నపమున కెక్కినది. పల్లకిని మోసినవారి ప్రసక్తి అందులో రాలేదు. 1827లో కలకత్తా పోలీసులు పల్లకి బోయీలు లైసెన్సులు పుచ్చుకొని, బిళ్ళలు ధరించి, నిర్ణయించిన కూలికే మోయవలెనని నియమము పెట్టినప్పుడు, అధికభాగము ఒరిస్సా నుండి వచ్చిన ఆ బోయీలు పల్లకిలు దించి పని మానినారు. దారి మీద గౌరవమును కోరినవారిలో వారు కూడ ఉన్నారు. వారి విన్నపమును ఇంగ్లీషులో వ్రాసిపెట్టిన వారు మాత్రము లేకపోయినారు.

1854 ఆగస్టు 15వ తేదీన హౌరా నుండి హుగ్లీకి రైలుబండి నడిచినది. రైలు వచ్చినచో కులభేదములు సమసిపోవునని, సొమ్ము చెల్లించిన ప్రతివాడును సమానుడగునని ఆశించినవారు ఇంగ్లండులోను, ఇక్కడను ఉన్నారు. ఈ ఆశలో కొంత నిజమున్నది: టిక్కెట్టు వర్ణమును అడుగదు. కాని టిక్కెట్టు చెప్పని దానిని పెట్టె తలుపు చెప్పినది. ఐరోపీయులకు ప్రత్యేకింపబడిన పెట్టెలు వెలసినవి. మొదటి తరగతి రుసుము చెల్లించిన భారతీయుడు లోపల తెల్లవారున్నచో చోటు దొరకునో లేదో అన్న సందేహముతో ప్లాట్‌ఫారముపై నిలువవలసి వచ్చేది. ఇక మూడవ తరగతి వారి సంగతి వేరు. రైలు కంపెనీల ప్రయాణికుల రాబడిలో అధికభాగము వారు చెల్లించినదే. సౌకర్యములలో మిక్కిలి తక్కువ భాగము కూడ వారిదే.

పై తరగతులలో జరిగిన సంఘర్షణలు బెంగాలీ కుటుంబములలో కథలుగా నిలిచినవి. హైకోర్టు న్యాయమూర్తియు, కలకత్తా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడునగు సర్ ఆశుతోష్ ముఖర్జీ నిద్రించుచుండగా తోటి ప్రయాణికుడైన ఒక ఆంగ్లేయుడు ఆయన చెప్పులను కిటికీనుండి పారవేసినాడనియు, మేలుకొన్న ఆశుతోష్ ఆతని కోటును అదే కిటికీనుండి విసరి, అది చెప్పులను తెచ్చుటకు పోయినదని బదులు చెప్పినారనియు ఒక కథ నేటికిని చెప్పుకొంటారు. ఇది వ్రాతమూలకమైన సాక్ష్యము కాదు. ఐనను ఒక సమాజము ఏ కథను మరల మరల చెప్పుకొని సంతోషిస్తున్నదో, ఆ సమాజమునకు ఏ గాయము మానలేదో దానివలన తెలుస్తుంది. 1908లో శిలిగుడి స్టేషనులో జరిగిన ఘట్టము కథ కాదు. తరువాత ‘బాఘా జతీన్’గా ప్రసిద్ధుడైన జతీంద్రనాథ ముఖర్జీ అచ్చట ఒంటరిగా నిలిచి, దురుసుగా ప్రవర్తించిన ఆంగ్ల సైనికాధికారులను చేతితోనే ఎదుర్కొన్నాడు. పెట్టిన కేసును వారే ఉపసంహరించుకొన్నారు. ఒక్క భారతీయుని చేతిలో పలువురు దెబ్బలు తిన్న సంగతి న్యాయస్థానమున వినిపించుట వారికి రుచింపలేదు కాబోలు.

రైలు ప్రయాణము అప్పుడప్పుడు చేసేది. ట్రాము ప్రతిదినము ఎక్కేది. కలకత్తాలో గుఱ్ఱపు ట్రాము 1873 ఫిబ్రవరిలో సియాల్దా నుండి ఆర్మేనియన్ ఘాటు వరకు మొదట నడిచి, కొలది నెలలకే ఆగిపోయినది. 1880లో లండనులో రిజిస్టరైన కలకత్తా ట్రామ్వేస్ కంపెనీ దానిని తిరిగి నిలబెట్టినది. 1902లో విద్యుత్తు వచ్చినది. ముందు పెట్టె మొదటి తరగతి, వెనుక పెట్టె రెండవ తరగతి. అందులో ఎవరెక్కడ కూర్చుండవలెనో జాతిని బట్టి నిర్ణయించు బోర్డు లేదు. కావుననే అచ్చటి అవమానమునకు రూపము వేరైనది.

ఆ రూపమును స్పష్టముగా వర్ణించినవారు సుభాస్ చంద్ర బోస్. 1913 నుండి ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన ఆయన, 1937 చివర ఆస్ట్రియాలోని బాద్‌గాస్టైన్‌లో వ్రాసిన అసంపూర్ణ ఆత్మకథలో ఆ దినములను స్మరించినారు. కళాశాలకు పోవు దారి తెల్లవారు నివసించు ప్రాంతము మీదుగా సాగేది. ట్రాములో ఆంగ్లేయుడు ఎదుటి ఆసనముపై కాళ్ళు చాచి, బూట్లు ఎదుటి భారతీయునికి తగులునట్లు పెట్టేవాడు. కచేరీకి పోవు పేద గుమాస్తాలలో పలువురు దానిని సహించి ఊరకుండేవారు. సహింపలేనివారితో మాటామాట పెరిగేది. ఒక్కొక్కప్పుడు చేయిచేయి కలిసేది. రైలులో స్థితి ఇంతకంటె హీనము. కటకములో ఆయన బంధువైన పెద్దయొకరు పై తరగతి పెట్టెలోని తెల్లవారు లోనికి రానీయనందున ఇంటికి తిరిగి రావలసి వచ్చినదని కూడ ఆయన వ్రాసినారు.

ఈ భాగములో విశేషమైనది సంఘటనలకంటె అవి ఒక యువకుని ఆలోచనలో తెచ్చిన మార్పు. అప్పుడాయన వేదాంతవిద్యార్థి, శంకరుల మాయావాదము ఆయనకు ప్రీతిపాత్రము. జగత్తు మిథ్య అని పుస్తకమున చదివి, ట్రాము ఎక్కిన పిదప పరదేశీయుని బూటు తనకు తగిలినచో దానిని మిథ్య అని త్రోసిపుచ్చుట తన వలన కాలేదని ఆయన ఒప్పుకొన్నారు. భారతదేశపు ఆధునిక భావచరిత్రలో వేదాంతమునకు ఇంత సామాన్యమైన చోట, ఇంత కఠినమైన పరీక్ష అరుదుగా జరిగినది. చట్టబద్ధమైన మార్గముల వలన ఫలితము లేదనియు, ఎదురు తిరిగినచో వెంటనే ఫలితము కనబడుననియు ఆయన నిర్ణయించుకొన్నారు. ఆయన తరువాతి జీవితమునకు ఈ నిర్ణయము ఒక మూలమని చెప్పవచ్చును.

రాయల విన్నపమునకును, జతీన్ పిడికిలికిని మధ్య స్వభావములో ఎంతో దూరమున్నది. అయినను ఒక పోలిక కలదు. రెండింటను అవమానమునకు బదులు చెప్పగలిగినవాడు చెప్పినాడు. ఇంగ్లీషు వచ్చినవాడు వ్రాసినాడు. దేహబలము కలవాడు కొట్టినాడు. రెండును లేని గుమాస్తా కాళ్ళు ముడుచుకొని కూర్చున్నాడు. అతని పక్షమున ఎవరు నిలిచినారు?

దీనికి సమాధానము వెదకినవారు గాంధీజీ. 1893 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో మొదటి తరగతి టిక్కెట్టు చేతనుండగా బండి నుండి దింపివేయబడిన న్యాయవాది ఆయన. 1901 చివర కలకత్తా కాంగ్రెసుకు వచ్చి, ఒక నెల గోఖలేతో గడిపి, తిరుగు ప్రయాణమునకు ఆయన ఎన్నుకొన్నది మూడవ తరగతి. దెబ్బ తిన్నది మొదటి తరగతిలో. పోయి కూర్చున్నది మూడవ తరగతిలో. గోఖలే ముందు నవ్వినారు. తరువాత ఆశయము గ్రహించి, మిఠాయి ఉండలు, పూరీలు నింపిన ఫలహారపు డబ్బా ఇచ్చి, స్టేషనుకు వచ్చి సాగనంపినారు. ఆయన వెంట రసాయనశాస్త్రవేత్త ప్రఫుల్లచంద్ర రాయ్ కూడ వచ్చినారు. పట్టు తలపాగా ధరించిన గోఖలేను ఎవరును అడ్డగింపలేదు. బెంగాలీ దుస్తులలో ఉన్న రాయ్ గారిని టిక్కెట్టు కలెక్టరు ఆపినాడు. ఆయన తన మిత్రుడని గోఖలే చెప్పిన పిదపనే ప్లాట్‌ఫారముపైకి పోనిచ్చినాడు. గాంధీజీ తమ ఆత్మకథలో ఈ సంగతిని వ్యాఖ్యానము లేకుండ చెప్పి ఊరకున్నారు. బట్టను చూచి మనిషిని తూచు అలవాటు అప్పటికే స్టేషను ద్వారము వరకు వచ్చి స్థిరపడినదని చదువరి గ్రహింపగలడు.

1915లో గోఖలే మరణవార్త విని శాంతినికేతనము నుండి పూనాకు బయలుదేరినప్పుడు బర్ద్వాన్ స్టేషనులో గాంధీజీకి మరియొక పాఠము లభించినది. మూడవ తరగతి టిక్కెట్లు ఇంత ముందుగా ఇవ్వబడవని అధికారులు త్రిప్పి పంపినారు. కిటికీ తెరచిన తరువాత బలవంతులు బలహీనులను నెట్టివేసి టిక్కెట్లు పుచ్చుకొన్నారు. అచ్చట నెట్టినవారు తెల్లవారు కారు. పై నుండి క్రిందికి వచ్చిన నిర్లక్ష్యము, క్రిందివారిలో ఒకరిమీద ఒకరు చూపు నిర్లక్ష్యముగా పరిణమించుటను ఆయన చూచినారు. మూడవ తరగతి ప్రయాణమును గురించి 1917లో ఆయన వ్రాసిన చిన్న పుస్తకము కంపెనీలను ఎంత నిలదీసినదో, ప్రయాణికుల అలవాట్లను కూడ అంత నిలదీసినది.

బండిలో కూర్చున్నవారితో పాటు బండిని నడిపినవారును ఈ చరిత్రలోని వారే. కలకత్తా గార్డెన్‌రీచ్‌లో ప్రధాన కార్యాలయము గల బెంగాల్ నాగపూర్ రైల్వే ఆంధ్ర తీరమును హౌరాతో కలిపినది. ఆ దారినే వందలాది తెలుగు కుటుంబములు ఖరగ్‌పూర్ కర్మాగారమునకు పోయి స్థిరపడినవి. రైల్వే ఉద్యోగములలో వేతనము, వసతి, పదోన్నతి జాతిని బట్టి నిర్ణయింపబడేవి. ఆ కార్మికులను సంఘటితపరచినవారిలో ప్రముఖులు వి. వి. గిరి. 1928లో ఉద్యోగుల తొలగింపునకు విరుద్ధముగా ఆయన నాయకత్వమున శాంతియుతమైన సమ్మె జరిగినది. రాయలు ఒంటరిగా వ్రాసిన విన్నపము ఇచ్చట వేలమంది కోరికగా మారినది.

స్వరాజ్యము వచ్చినది, ఐరోపీయుల పెట్టెలు పోయినవి. ట్రాములో రెండు తరగతులు మిగిలినవి. 1953లో ఇంకను లండను యాజమాన్యములో ఉన్న ట్రాము కంపెనీ రెండవ తరగతి రుసుమును ఒక పైసా, అనగా ఆనాటి అణాలో నాలుగవ వంతు, పెంచినప్పుడు నగరమంతయు నెలరోజులు అట్టుడికినది. చివరకు పెంపుదల ఆగినది. ఒక పైసాకు ఇంత కలవరమేమని ఆశ్చర్యపడినవారు, వెనుక పెట్టెలో అంతకు ముందు ఏండ్ల తరబడి కూర్చున్నవారిని మరచినవారు. ప్రభుత్వము 1967లో ఆ కంపెనీ నిర్వహణను, 1976లో యాజమాన్యమును స్వీకరించినది.

జాతివివక్ష తెల్లవారితో వెళ్ళిపోలేదు. ఈశాన్య రాష్ట్రముల నుండి వచ్చి మన నగరములలో చదువుకొను యువతీయువకులు ముఖకవళికలను బట్టి బస్సులలోను, రైళ్ళలోను ఎగతాళికి గురియగుచున్నారు. ఢిల్లీలో ఒక అరుణాచల్ యువకుడు దాడికి గురియై మరణించిన పిదప, 2014లో కేంద్ర హోంమంత్రిత్వశాఖ నియమించిన బెజ్‌బరువా సంఘము, జాతిని కించపరచు మాటలను, చేష్టలను ప్రత్యేక నేరముగా పరిగణించునట్లు చట్టమును సవరింపవలెనని సిఫారసు చేసినది. నేడు కాళ్ళు చాచినవాడును, కాళ్ళు ముడుచుకొన్నవాడును ఒకే దేశపు పౌరులు.

అందుచేత కలకత్తా ప్రయాణికుని చరిత్ర నేటికి ఉపయోగపడుచున్నది. తనకు జరిగిన అవమానమును ఎదుర్కొనుట ఆత్మగౌరవమునకు ఆరంభము. రాయలు, జతీన్, బోస్ దానిని నేర్పినారు. ప్రక్క ఆసనములో ఊరకున్నవానికి జరిగిన అవమానమును చూచి లేచి నిలుచుట దానికి పరిపూర్తి. మొదటి దానికి ఇంగ్లీషైనను, భుజబలమైనను కావలసి వచ్చినది. రెండవ దానికి ఆ రెండును అక్కరలేదు. బండిలో ఉన్న ప్రతివానికి అది సాధ్యము.